ఆస్పత్రి లోపలి మెడికల్ షాపు బిల్లుతో జాగ్రత్త

పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో ఎవరినైనా చేర్పించేటప్పుడు గది అద్దె, ప్యాకేజీ గురించి అందరూ అడుగుతారు గానీ, మందులు ఎక్కడ కొనాలో ముందుగా అడిగేవారు తక్కువ.

మా మామయ్యగారిని న్యుమోనియాతో హైదరాబాదులోని ఒక ఆస్పత్రి ఐసీయూలో చేర్పించినప్పుడు, నర్సు పూటపూటకూ ఇచ్చే చీటీ పట్టుకుని ఆ ఆస్పత్రి సొంత మెడికల్ షాపుకే వెళ్లవలసి వచ్చింది. అదే మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేరే కంపెనీది వీధి చివర దాదాపు సగం ధరకే దొరుకుతున్నా, "బయటి మందులకు మా బాధ్యత ఉండదు" అన్న ఒక్క మాటతో దానిని లోపలికి రానివ్వలేదు. మనిషి లోపల ఆక్సిజన్ మీద ఉంటే తలుపు బయట నిలబడి బేరమాడగలవారెవరు? గ్లౌజులు పెట్టెల లెక్కన బిల్లులో పడ్డాయి. మిగిలినవి వాపసు తీసుకోమంటే సీలు విప్పి ఉందన్నారు. (విప్పింది వారి సిబ్బందే.)

ప్రతి వస్తువునూ ఎమ్మార్పీకే అమ్మారు కనుక పైకి తప్పేమీ కనిపించదు. అసలు మెలిక అక్కడే ఉంది. జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ 2018లో ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులను పరిశీలించి, కొన్ని వస్తువులపై లాభం 1,737 శాతం దాకా ఉందని, పెద్దమొత్తంలో కొనే ఆస్పత్రుల ఒత్తిడితోనే కంపెనీలు ఎమ్మార్పీని పెంచి ముద్రిస్తున్నాయని తేల్చింది. కొనేవాడిని కాపాడవలసిన అంకెను అమ్మేవాడే నిర్ణయిస్తున్నాడన్నమాట.

మందులు ఎక్కడ కొనాలో ఎంచుకునే హక్కు రోగిదేనని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది; కేంద్రం దానిని 2019లో రాష్ట్రాలకు పంపింది కూడా. 2025 మార్చిలో ఇదే సమస్య సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, కోర్టు తానుగా నిర్బంధ ఆదేశాలివ్వకుండా, తగిన విధానం ఆలోచించవలసిందిగా రాష్ట్ర ప్రభుత్వాలకు సూచించింది. కాబట్టి ఈ ప్రశ్న ఇప్పుడు మనం ఓటేసి పంపిన శాసనసభ్యుల ముందుంది. ఓట్లు అడగడానికి వచ్చినప్పుడు ఆరోగ్యశ్రీ పరిమితితో పాటు దీనినీ అడగవచ్చు.

ఈలోగా, బయటి మందులు అనుమతించేదీ లేనిదీ చేర్పించే రోజునే రాతపూర్వకంగా అడగండి. డిశ్చార్జి రోజున "ఫార్మసీ మొత్తం" అని ఒక్క వరుస చూపిస్తే డబ్బు కట్టే ముందే ప్రతి మందు పేరు, బ్యాచ్ నంబరు, వాడిన సంఖ్య, వాపసు చేసిన సంఖ్య ఉన్న వివరమైన బిల్లు తీసుకోండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవలసి వస్తే మీ చేతిలో ఉండవలసిన కాగితం ఆ వివరమైన బిల్లే.