తెనాలి రామకృష్ణ కథల పుస్తకం, ఆడియోతో: మూడున్నర స్టార్లు

పుస్తకం ఓకే, కానీ క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే ఆడియోనే అసలు సరుకు. పిల్లి కథలో ఆ బక్కచిక్కిన పిల్లిని చూసి రాయలవారు "ఆహా, ఎంత బాగా పెంచావయ్యా" అంటారు కదా, నేను చదివి వినిపిస్తే మా ఆరేళ్ల పాప నిజంగానే మెచ్చుకున్నారు అనుకుంది, అదే ఆడియోలో ఆ "ఆహా"ని సాగదీసేసరికి "రాజుగారికి కోపమొచ్చింది" అనేసింది. ఐదారేళ్లప్పుడు పిల్లలు మాట ఒకటి, మనసులో ఇంకోటి అని పట్టడం మొదలెడతారు, అదీ ఎక్కువగా గొంతుని బట్టే. నవ్వించడానికి అన్నారా, దెప్పడానికి అన్నారా అనేది తెలియడానికి ఇంకో రెండుమూడేళ్లు పడుతుంది, మా తొమ్మిదేళ్లోడు అదే చోట పడీపడీ నవ్వాడు మరి. కోతలు కోసే కథలు కూడా రెండు పెట్టారు, అవి చిన్నదానికి ఇంకా ఎక్కలేదు, "లక్షసార్లు చెప్పానే నీకు" అంటే "కాదు, నాలుగుసార్లే" అని వేళ్లు చూపించే రకం అది.

నచ్చనిది ఏంటంటే ప్రతిచోటా "అని వెటకారంగా అన్నాడు" అని రాసి పడేశారు, ఇక పిల్లలు కనిపెట్టడానికి ఏం మిగిలింది? మాది గోదావరి జిల్లా, మా ఇంట్లో ఎవరూ ఇలా చెప్పి మరీ వెటకారం చెయ్యరు 😄 బైండింగ్ కూడా అప్పుడే ఊడుతోంది. ఆరు దాటిన పిల్లలుంటే తీసుకోండి, అంతకన్నా చిన్నవాళ్లకైతే బొమ్మల వరకే.