రెండేళ్లు వాడిన తర్వాత: 14 అంగుళాల గేమింగ్ లాప్‌టాప్

ఇది 14 అంగుళాల తెర, 1.65 కిలోల బరువు ఉన్న లాప్‌టాప్. లోపల రైజెన్ 7 7840హెచ్‌ఎస్ ప్రాసెసర్, 8 జీబీ మెమరీతో ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్ ఆర్‌టీఎక్స్ 4060, 16 జీబీ ర్యామ్, 73 వాట్-అవర్ బ్యాటరీ. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. దాదాపు ఇవే భాగాలతో, ఇవే కొలతల్లో చాలామంది లాప్‌టాప్‌లు చేశారు. కింద చెప్పే మంచీ చెడూ చాలావరకు ఈ తరగతి మొత్తానికీ వర్తిస్తాయి. రెండేళ్లుగా దీని దినచర్య ఒకటే: పగలు బ్యాగులో తిరుగుడు, బ్రౌజరు, కోడింగు, రాత్రి గంటో రెండు గంటలో ఆట.

కొనేవాళ్లలో ఎక్కువమంది గ్రాఫిక్స్ చిప్ పేరు చూసి ఆగిపోతారు. పేరు సగం సంగతే చెబుతుంది. లాప్‌టాప్‌లకు వచ్చే ఆర్‌టీఎక్స్ 4060ని 35 వాట్లకూ బిగించవచ్చు, 115 వాట్లకూ బిగించవచ్చు. ఆ నిర్ణయం లాప్‌టాప్ తయారుచేసినవాళ్లది. ప్రాసెసర్‌కు పని తక్కువగా ఉన్నప్పుడు దాని వాటాలో కొన్ని వాట్లను గ్రాఫిక్స్‌కు మళ్లించే డైనమిక్ బూస్ట్ దీనికి అదనం. అందుకే ఒకే పేరున్న చిప్‌తో ఒక లాప్‌టాప్‌లో ఆట సాఫీగా సాగితే ఇంకోదానిలో ఈడుస్తుంది. ఈ వాట్ల అంకెనే టీజీపీ అంటారు. స్పెసిఫికేషన్ల పేజీలో ఎక్కడో అడుగున ఉంటుంది. లాప్‌టాప్ చేతిలో ఉంటే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి చూసుకోవచ్చు. ఇక్కడ అది బూస్ట్‌తో కలిపి 90 వాట్లు. ఇంత సన్నని ఒంటికి అదే సరైన హద్దు అనిపించింది. అంతకుమించి ఇస్తే ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు.

ఈ సైజులో దానిపై మెట్టు చిప్ ఆర్‌టీఎక్స్ 4070 కోసం అదనంగా డబ్బు పెట్టమని నేను చెప్పను. లెక్కలు చేసే కోర్లు ఎక్కువే, 3072కు బదులు 4608. కానీ లాప్‌టాప్ 4070కి కూడా మెమరీ 8 జీబీయే, మెమరీకీ చిప్‌కూ మధ్య దారి (బస్) వెడల్పు కూడా అదే 128 బిట్లు. 90 వాట్ల దగ్గర ఆ అదనపు కోర్లు తక్కువ వేగంతో తిరగక తప్పదు. ఆ డబ్బు 32 జీబీ ర్యామ్‌కు పెడితే ప్రతిరోజూ అక్కరకొస్తుంది. ఈ రెండేళ్లలో నిజంగా బాధపెట్టిన లోటు ర్యామే. సన్నని లాప్‌టాప్‌లలో వాడే ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ ర్యామ్ మదర్‌బోర్డుకే టంకం వేసి ఉంటుంది, తర్వాత పెంచుకునే అవకాశం లేదు. ఇరవై ట్యాబులు తెరిచిన బ్రౌజరు వెనక ఉండగా ఆట మొదలుపెడితే 16 జీబీ ఇట్టే నిండిపోతుంది. పైగా అందులో కొంత ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు ముందే కేటాయించి ఉంటుంది.

గ్రాఫిక్స్ మెమరీ 8 జీబీ నిండినప్పుడు కనిపించే లక్షణం వేరు. సెకనుకు గీసే బొమ్మలు, అంటే ఫ్రేములు, సగటున బాగానే కనబడతాయి, కానీ పాత్ర గిర్రున తిరిగినప్పుడో, కొత్త ప్రాంతంలోకి అడుగు పెట్టినప్పుడో బొమ్మ ఒక్క క్షణం గడ్డకడుతుంది. పట్టనివి మామూలు ర్యామ్‌లోకి వెళ్లడం, అక్కడినుంచి నెమ్మదిగా రావడం దీనికి కారణం. టాస్క్ మేనేజర్‌లో డెడికేటెడ్ మెమరీ అంచుదాకా వెళ్లి, షేర్డ్ మెమరీ ఎగబాకుతుంటే అదే రోగం. మందు కూడా సులువే: మిగతావేవీ కదపకుండా ముందు టెక్స్చర్లను (వస్తువుల మీద అతికించే ఉపరితల బొమ్మలను) ఒక మెట్టు దించాలి. అసలు ఫ్రేముల మధ్య కొత్తవి కల్పించి చేర్చే ఫ్రేమ్ జనరేషన్ కూడా మెమరీ తింటుందని గుర్తుంచుకోవాలి. మెమరీ అంచున ఉన్నప్పుడు దాన్ని ఆన్ చేస్తే అంకె పెరుగుతుంది, ఆట మాత్రం ఇంకా తడబడుతుంది.

తెర 2560×1600, 165 హెర్ట్జ్. అక్షరాలు చెక్కినట్టు కనబడతాయి, 16:10 ఆకారం వల్ల పనిలో నాలుగు వరుసలు ఎక్కువ పడతాయి. ఆటకొచ్చేసరికి ఈ పిక్సెళ్లు బరువే. 1920×1200తో పోలిస్తే 1.78 రెట్లు. 90 వాట్ల 4060 కొత్త ఆటలను పూర్తి రిజల్యూషన్‌లో మొయ్యడానికి కష్టపడుతుంది. అలాగని 1920×1200కి దించితే బొమ్మ మసకబారుతుంది, పిక్సెళ్లు సమంగా పంచుకోవు కదా. తక్కువ పిక్సెళ్లతో గీసిన బొమ్మను ఏఐతో పెంచి చూపే ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్‌లో క్వాలిటీ మోడ్ ఉత్తమం. ఆట లోపల సుమారు 1707×1067లో గీస్తుంది, తెరమీదికి పూర్తి రిజల్యూషన్‌లో వస్తుంది. బ్యాలెన్స్‌డ్ కూడా ఈ సైజు తెరమీద ఫరవాలేదు, పర్ఫార్మెన్స్ మోడ్‌లో మాత్రం సన్నని తీగలూ ఆకులూ మిణుకుమంటాయి.

మక్స్ స్విచ్ ఉందో లేదో కొనేముందే తెలుసుకోవాలి. అది లేని లాప్‌టాప్‌లో ఎన్విడియా చిప్ గీసిన ప్రతి ఫ్రేమూ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదుగా తెరకు చేరుతుంది, ఆ మజిలీ దగ్గర కొంత వేగం పోతుంది. స్విచ్ ఉంటే తెరను నేరుగా కలపవచ్చు. ఈ మార్పిడిని తనంతట తానే చేసే అడ్వాన్స్‌డ్ ఆప్టిమస్ ఉన్నవాటిలో రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.

ఇక వేడి సంగతి. ఈ తరగతిలో అసలు కథంతా ఇక్కడే ఉంది.

ప్రాసెసరూ గ్రాఫిక్సూ వేడిని మోసుకెళ్లే ఒకే హీట్ పైపుల మీద ఆధారపడతాయి. ఒకటి మండితే రెండోదీ మండుతుంది. 7840హెచ్‌ఎస్ సహజ వేగం 3.8 గిగాహెర్ట్జ్, బూస్ట్‌లో 5.1 దాకా పోతుంది. ఆటలో ఆ చివరి గిగాహెర్ట్జ్ వల్ల వచ్చే ఫ్రేములు కొన్నే, వేడి మాత్రం విపరీతం. అందుకే కొన్న మొదటి వారమే చేయాల్సిన పని ఆటల కోసం బూస్ట్‌ను కట్టడి చేయడం. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి దించితే బూస్ట్ ఆగిపోతుంది. కొన్ని లాప్‌టాప్‌లలో ఆ వరుస కనబడదు. అప్పుడు తయారీదారు యాప్‌లో మాన్యువల్ మోడ్‌కు వెళ్లి ప్రాసెసర్ పరిమితి 35 వాట్లకు తగ్గిస్తే సరిపోతుంది. 90ల డిగ్రీల్లో ఉన్న ప్రాసెసర్ వేడి 70ల్లోకి దిగుతుంది, ఫ్యాన్ గోల తగ్గుతుంది, మిగిలిన వాట్లు గ్రాఫిక్స్‌కు దొరుకుతాయి. సెకనుకు వందల ఫ్రేములు కావాలనుకునే పోటీ ఆటల్లో మాత్రం ఇది చేయవద్దు. అక్కడ ప్రాసెసర్ వేగమే ముఖ్యం.

రెండో పని ఫ్రేములకు హద్దు పెట్టడం. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో గరిష్ఠ ఫ్రేమ్ రేటు అనే సెట్టింగ్ ఉంటుంది. కథాప్రధానమైన ఆటలకు 60, వేగంగా కదిలేవాటికి 90 పెట్టండి. హద్దు లేకపోతే మెనూ తెరమీద ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా చిప్ పూర్తి వాట్లు తాగుతూనే ఉంటుంది.

మూడోది అండర్‌వోల్టింగ్, అంటే గ్రాఫిక్స్ చిప్‌ను అదే వేగంతో తక్కువ వోల్టేజీ మీద నడపడం. ఓపికున్నవాళ్లకే. ఎమ్‌ఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కితే ఏ వోల్టేజీకి ఎంత వేగమో చూపే గీత వస్తుంది. 875 మిల్లీవోల్టుల దగ్గరున్న చుక్కను 2300 మెగాహెర్ట్జ్‌కు ఎత్తి, దాని కుడివైపు గీతంతా చదునుగా చేస్తే ఈ చిప్ స్థిరంగా నిలిచింది. అన్ని చిప్‌లూ ఒకేలా ఉండవు, కాబట్టి 2100 దగ్గర మొదలుపెట్టి 30 చొప్పున పెంచుతూ పోవాలి. తెర ఒక్కసారి నల్లబడి డ్రైవర్ మళ్లీ మొదలైతే రెండు మెట్లు వెనక్కి రావాలి. అరగంట బెంచ్‌మార్క్ నడిచినంత మాత్రాన నమ్మకూడదు. రే ట్రేసింగ్ (వెలుతురు దారుల్ని లెక్కగట్టి గీసే పద్ధతి) ఉన్న ఆట రెండు మూడు రోజులు ఆడాకే ఖాయం చేసుకోవాలి.

ఏడాదిన్నర దాటాక అదే ఆట, అవే సెట్టింగులు, అయినా ఫ్యాన్లు హోరెత్తడం మొదలైంది. ఇది ఈ సన్నని లాప్‌టాప్‌లన్నిటికీ వచ్చేదే. కారణం దుమ్మా, చిప్ వేడిని బయటికి అందించే పేస్టా అన్నది విప్పకుండానే కనిపెట్టవచ్చు. లోడ్ పడిన నాలుగైదు సెకన్లలోనే ప్రాసెసర్ 95 డిగ్రీలకు ఎగిరితే చిప్‌కూ రాగిపలకకూ మధ్య పేస్ట్ పక్కలకు జారిపోయిందని అర్థం. పది పదిహేను నిమిషాల మీద మెల్లగా ఎక్కుతూ పోతే గాలిదారి మూసుకుపోయింది.

దుమ్ము తీయడానికి ముందు లాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయాలి, స్లీప్ చాలదు. అడుగు మూత స్క్రూలు ఒకే పొడవుండవు. ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి గుచ్చుకోవడం మేలు. పొడవైనది పొట్టిదాని చోట బిగిస్తే చేతుల కిందుండే పై పలక ఉబ్బుతుంది. మూత తీయగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఆ తర్వాత ఫ్యాన్ రెక్కల మధ్య పుల్ల పెట్టి కదలకుండా చేసి గాలి కొట్టాలి. ఫ్యాన్‌ను గాలికి తిరగనిస్తే బేరింగ్ దెబ్బతింటుంది. దుమ్ము రెక్కల మీద కన్నా ఫ్యాన్‌కూ రాగి రేకులకూ మధ్య కంబళిలా పేరుకుంటుంది, అది కనబడదు. బయటి రంధ్రాల వైపునుంచి లోపలికి కొడితేనే ఊడివస్తుంది.

పేస్ట్ మార్చేటట్టయితే మామూలు పల్చటి పేస్ట్ వద్దు. లాప్‌టాప్ చిప్‌లకు పైన లోహపు తొడుగు ఉండదు, వేడెక్కి చల్లారే ప్రతిసారీ పేస్ట్ కొద్దికొద్దిగా అంచులకు నెట్టబడుతుంది. ఫేజ్ ఛేంజ్ ప్యాడ్ దీనికి సరైన విరుగుడు. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది, సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందుల్లోకి చేరుతుంది, బయటికి జారదు. లోపల లిక్విడ్ మెటల్ ఉన్న లాప్‌టాప్ అయితే ఇంట్లో విప్పకండి. అది కరెంటు ప్రవహించే ద్రవం, ఒక్క బొట్టు బోర్డు మీద పడితే అంతే.

బ్యాటరీ విషయంలో ఒకటే సూత్రం: ఎన్విడియా చిప్ నిద్రపోతోందా, లేదా? నిద్రపోతే బ్రౌజరు పనికి ఈ లాప్‌టాప్ 8, 9 వాట్లు తీసుకుంటుంది. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకుని కూడా ఆరున్నర గంటలు వచ్చింది. చిప్ మేలుకుని ఉంటే 16, 18 వాట్లు, అంటే మూడున్నర గంటలే. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ డెస్క్‌టాప్ మెనూలో జీపీయూ యాక్టివిటీ ఐకాన్ ఆన్ చేసుకుంటే ఏ యాప్ దాన్ని లేపుతోందో తెలుస్తుంది. ఎక్కువసార్లు దొరికే దొంగలు ఆటల లాంచర్లు, యానిమేటెడ్ వాల్‌పేపర్లు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్ కింద అలాంటి యాప్‌లకు పవర్ సేవింగ్ ఎంచుకోవాలి. చాలా లాప్‌టాప్‌లలో హెచ్‌డీఎమ్‌ఐ సాకెట్ నేరుగా ఎన్విడియా చిప్‌కే కలిపి ఉంటుంది, కాబట్టి బయటి మానిటర్ తగిలిస్తే చిప్ నిద్రపోదు. బ్యాటరీ మీద ఆట ఆడవచ్చా అంటే, 30 ఫ్రేముల హద్దుతో గంటసేపు. అంతకంటే ఆశపడకూడదు.

రెండేళ్లకు విండోస్ బ్యాటరీ రిపోర్ట్‌లో పూర్తి సామర్థ్యం 73 నుంచి 66 వాట్-అవర్లకు తగ్గింది. ఆ 80 శాతం హద్దు లేకపోతే ఇంకా తగ్గి ఉండేది. ఆట ఆడేటప్పుడు ఛార్జర్ తగిలించే ఉంచుతాం, వేడిలో నిండుగా ఉండటం లిథియం బ్యాటరీకి అన్నిటికన్నా చెరుపు.

స్లీప్ ఈ లాప్‌టాప్‌లో అన్నిటికన్నా చిరాకుపెట్టిన విషయం. ఇప్పటి విండోస్ లాప్‌టాప్‌ల మోడర్న్ స్టాండ్‌బై అనే స్లీప్ పద్ధతి మూత వేశాక కూడా అప్పుడప్పుడు మేలుకుంటుంది. బ్యాగులో పెడితే గాలాడక కాలిపోయినంత వేడెక్కుతుంది, బ్యాటరీ ఖాళీ అవుతుంది. మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా (పని డిస్కులో దాచి పూర్తిగా ఆగేలా) మార్చుకుంటే సమస్యే లేదు. తెరుచుకోవడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది, అంతే.

బరువు లెక్కలో ఛార్జర్‌ను కలపడం మరిచిపోతుంటారు. దీంతో వచ్చిన 200 వాట్ల ఇటుక 650 గ్రాములు, మొత్తం 2.3 కిలోలు. పగటి పనికి 100 వాట్ల గ్యాన్ (గాలియం నైట్రైడ్‌తో చేసిన చిన్న) యూఎస్‌బీ-సీ ఛార్జర్ చాలు, 200 గ్రాముల లోపే ఉంటుంది. కేబుల్ మాత్రం 5 ఆంపియర్లది, తన సామర్థ్యం ఎంతో ఛార్జర్‌కు చెప్పే ఈ-మార్కర్ చిప్ ఉన్నదే కావాలి, లేకపోతే 60 వాట్ల దగ్గర ఆగిపోతుంది. 100 వాట్లతో ఆట ఆడితే లాప్‌టాప్ వేగం తగ్గించుకుంటుంది, లేదా కొరతను బ్యాటరీలోంచి తోడుకుంటుంది.

కీబోర్డు బాగుంది, స్పీకర్లు ఫ్యాన్ల హోరుకు చాలవు, కెమెరా మామూలే. ఎస్‌ఎస్‌డీ స్లాట్ ఒక్కటే. 512 జీబీలో మూడు నాలుగు పెద్ద ఆటలకే ఊపిరాడదు. మార్చేటప్పుడు చిప్‌లు ఒకవైపే ఉన్న 2280 (22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు) సైజుది తీసుకోవాలి, రెండు వైపులా ఉన్నది కొన్ని సన్నని మోడళ్లలో మూతకు ఒరుసుకుంటుంది.

ఆడేవన్నీ తేలికపాటి, పాత ఆటలే అయితే విడి గ్రాఫిక్స్ చిప్ లేని లాప్‌టాప్ తీసుకోండి. ఇదే ప్రాసెసర్‌లో ఉన్న రేడియాన్ 780ఎమ్ 1920×1200లో తక్కువ సెట్టింగులతో వాటిని నడిపేస్తుంది. బరువు 1.3 కిలోల దగ్గర ఉంటుంది, ఇటుక మోసే పని లేదు. దానికి ర్యామ్ వేగమే ప్రాణం, కాబట్టి ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉండే రెండు ఛానెళ్లూ నిండి ఉన్నదే చూడాలి.

విడి చిప్ ఉన్నదే కావాలంటే, వాపసు గడువు ముగిసేలోపు ఒక సాయంత్రం పరీక్షకు కేటాయించండి. ఛార్జర్ తగిలించి, బరువైన ఆట 40 నిమిషాలు ఆడండి. మొదటి ఐదు నిమిషాల ఫ్రేములు, చివరి ఐదు నిమిషాల ఫ్రేములు పక్కపక్కన రాసుకోండి. పదో వంతు కన్నా ఎక్కువ పడిపోతే శీతలీకరణ చాలడం లేదన్నమాట. గ్రాఫిక్స్ వాట్లు చెప్పిన అంకెకు చేరుతున్నాయో లేదో అప్పుడే చూడండి. తర్వాత చీకటి గదిలో నల్ల తెర పెట్టి అంచుల్లో వెలుగు కారుతోందేమో గమనించండి. ఆట మెనూలో ఫ్రేములు వందలు దాటినప్పుడు సన్నటి కీచుమనే చప్పుడు వస్తే అది బోర్డు మీది తీగచుట్టలు (కాయిల్స్) కంపించడం వల్ల వచ్చేది. హానికరం కాదు, కానీ వాడేకొద్దీ తగ్గిపోతుందన్న ఆశతో ఉంచుకోవద్దు, చెవికి ఇబ్బంది అనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి.