ముత్తాతగారు అమెరికా పౌరుడయ్యారా? సెన్సస్, కోర్టు, యూఎస్‌సీఐఎస్‌లలో ఏది మేలు?

అమెరికాకు వలస వెళ్లిన పూర్వీకుడికి అక్కడి పౌరసత్వం వచ్చిందో లేదో తేల్చుకోవాలంటే చాలామంది ముందు తెరిచేది సెన్సస్. తప్పేం లేదు, వంశవృక్షాల వెబ్‌సైట్ ఫ్యామిలీసెర్చ్‌లో పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. 1900 నుంచి 1930 దాకా ప్రతి సెన్సస్‌లోనూ పౌరసత్వం గడి ఉంది. ‘ఎన్‌ఏ’ అంటే పౌరుడయ్యారని, ‘పీఏ’ అంటే మొదటి కాగితాలు పెట్టుకున్నారని, ‘ఏఎల్’ అంటే ఇంకా విదేశీయుడేనని. 1920లోనైతే పౌరసత్వం ఏ సంవత్సరంలో వచ్చిందో కూడా అడిగారు.

కానీ ఆ గడి నింపింది ఎవరో నోటితో చెప్పిన మాట విని. చెప్పింది ఆయనో, భార్యో, పక్క గదిలో అద్దెకున్నవాడో! 1910లో ‘ఎన్‌ఏ’ అని ఉండి, 1920లో ‘పీఏ’ అని కనిపించినా టెన్షన్ పడకండి. సెన్సస్ ఆచూకీకే, రుజువుకు కాదు.

రుజువు కావాలంటే నా ఓటు కోర్టు ఫైలుకే. ముందు డిక్లరేషన్ (పౌరుడు కావాలనుకుంటున్నానని చెప్పే ‘మొదటి కాగితాలు’ ఇవే), తర్వాత పౌరసత్వం ఇమ్మని పిటిషన్, చివర్లో జడ్జి ఉత్తర్వు. తిరస్కరించినా ఆ సంగతి అక్కడే దొరుకుతుంది. 1906 తర్వాతి పిటిషన్లలో ఓడ పేరు, దిగిన రేవు, పిల్లల పేర్లు, సాక్షుల సంతకాలు కూడా ఉంటాయి కాబట్టి అదే పేరున్న ఇంకొకాయనతో పొరబడే భయం తక్కువ. అంతకు ముందువి మాత్రం పొడిపొడిగా ఉంటాయి, చాలావాటిలో పేరు, వదిలి వచ్చిన దేశం తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

అసలు తలనొప్పి ఏ కోర్టో తెలియకపోవడం. కౌంటీ కోర్టు, రాష్ట్ర కోర్టు, ఫెడరల్ కోర్టు, ఎక్కడికైనా వెళ్లే వీలుండేది. డిక్లరేషన్ ఒక రాష్ట్రంలో ఇచ్చి, పిటిషన్ ఇంకో రాష్ట్రంలో వేసినవాళ్లూ ఉన్నారు. ఫెడరల్ కోర్టువి ఎక్కువగా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. మిగతావాటికి కౌంటీ ఆఫీసునో, రాష్ట్ర ఆర్కైవ్స్‌నో అడగాలి.

ఇక్కడే యూఎస్‌సీఐఎస్ (అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ) వంశావళి విభాగం పనికొస్తుంది. 1906 సెప్టెంబరు 27 నుంచి కోర్టులు ప్రతి కేసు కాపీని వాషింగ్టన్‌కు పంపాయి. 1956 మార్చి 31 దాకా నడిచిన ఆ ‘సి-ఫైళ్ల’లో (పౌరసత్వ సర్టిఫికెట్ ఫైళ్లు) ఊరు, కోర్టు తెలియకపోయినా పేరు పట్టుకుని వెతికిపెడతారు. అయితే వెతకడానికి ఒక ఫీజు, ఫైలు ఇవ్వడానికి ఇంకోటి. ఏమీ దొరక్కపోయినా డబ్బు వెనక్కి రాదు. కోర్టు తెలిస్తే ఈ ఖర్చు దండగ, 1906కు ముందు కేసైతే మరీ దండగ.

ముత్తవ్వగారి పేరు మీద కాగితం లేదంటే అనుమానపడక్కర్లేదు. 1922 సెప్టెంబరులో కేబుల్ చట్టం వచ్చేదాకా భర్త పౌరుడైతే భార్యకూ మామూలుగా అదే వర్తించేది. ఆయన ఫైలే ఆవిడకూ ఆధారం.

మనవాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులైన ‘తెల్లవారు’ కారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చాక, అప్పటికే ఇచ్చిన పౌరసత్వాలు కూడా కొన్ని రద్దు చేశారు. 1921లో పౌరుడైన వైష్ణో దాస్ బగాయ్‌కి అదే జరిగింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా భారతీయులకు పౌరసత్వం తలుపు మళ్లీ తెరుచుకోలేదు. కాబట్టి అంతకు ముందు తేదీతో ఉత్తర్వు దొరికితే, ఆ తర్వాత రద్దు కేసేమైనా నడిచిందేమో కూడా చూడండి.

ఎక్కడా ఏమీ దొరక్కపోతే 1940లో మొదలైన విదేశీయుల నమోదు పత్రాలు అడగండి. అందులో ఆయన పేరుంటే, నమోదైన నాటికి ఆయన పౌరుడు కాదన్నట్టే.