హామ్ రేడియో మిత్రులకు హెచ్చరిక: ఆ లాగింగ్ సాఫ్ట్‌వేర్ కొనకండి

మన కాంటాక్టులను, అంటే వేరే స్టేషన్లతో చేసే రేడియో సంభాషణలను, లాగులో నమోదు చేస్తామంటూ గ్రూపులన్నింటిలో ప్రకటన తిరుగుతున్న ఆ లాగింగ్ సాఫ్ట్‌వేర్ ఏదో మీకు తెలుసు. పేరు రాయను. కాంటాక్టును లాగులో ఎక్కించగానే ఆ సంభాషణ ఆడియో కూడా దానంతట అదే భద్రమవుతుందన్నారు. 3,500 రూపాయలు కట్టాను. కొన్న రోజే హైదరాబాద్ స్టేషను ఒకదానితో పరీక్షించాను. 59 సిగ్నలు, అంటే పూర్తి స్పష్టత, మంచి బలం; అక్షరం పోకుండా రికార్డయింది. అంతటితో నమ్మేశాను. బలమైన సిగ్నలు ఒక్కటే విని తీర్పు ఇవ్వకూడదని పాతికేళ్లుగా రేడియో ముందు కూర్చుంటున్న నాకు తట్టకపోవడం నా తప్పే.

మా మేనకోడలికి ఈ మధ్యనే లైసెన్సుతో పాటు వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే స్టేషను గుర్తింపు పేరు, వచ్చింది. వాళ్లది అంతర్వేది. మన అషర్ ఫర్హాన్ రూపొందించిన బిట్ఎక్స్ 40 రేడియో సెట్టు, మహా అయితే 7 వాట్లు, రెండు కొబ్బరి చెట్ల మధ్య కట్టిన డైపోల్ తీగ యాంటెన్నా. నిన్న తెల్లవారుజామున 5.10కి 7 మెగాహెర్ట్జ్‌లో తన మొట్టమొదటి కాంటాక్టు నాతోనే చేసింది. ఆ వేళకు ఆ బ్యాండులో ఆకాశం పైపొరల నుంచి తిరిగొచ్చే తరంగం దగ్గరి ఊళ్లకు అందదు. నేనుండే అమలాపురానికి నేలబారున వచ్చిందే దిక్కు. 33 రిపోర్టు, అంటే కష్టం మీద అర్థమయ్యే బలహీనమైన సిగ్నలని, ఇచ్చాను. గరగరల మధ్య నుంచి కాల్‌సైన్ రెండుసార్లు చెప్పి, "మామయ్యా, నా మాట అందుతోందా?" అంది. చెవి ఒగ్గి వింటే ప్రతి మాటా తెలిసింది.

రాత్రి ఆ రికార్డింగు ఫైలు తెరిచాను. నా గొంతు కాల్‌సైన్ అడుగుతుంది. వెంటనే నా గొంతే "బాగా చెప్పావమ్మా" అంటుంది. మళ్లీ నా ప్రశ్న, దాని మీద మళ్లీ నా మెచ్చుకోలు. పదకొండు నిమిషాలు మాట్లాడుకుంటే ఫైలులో నాలుగు నిమిషాలున్నాయి. పిల్ల మాట ఒక్కటీ లేదు.

వారం కిందటి అప్‌డేట్‌లో, డిస్కు స్థలం ఆదా చేయడానికట, ఒక స్థాయికి దిగువనున్న శబ్దాన్నంతా నిశ్శబ్దం కింద లెక్కగట్టి కత్తిరించే ఏర్పాటు పెట్టారు. నాణ్యత తగ్గించకుండా గంటసేపు రికార్డు చేసినా 300 మెగాబైట్లు దాటి కొంచెం, అంతే. దానికోసం ఒక్క మాట చెప్పకుండా బలహీనమైన సిగ్నలును చెరిపేస్తారా? మనం రాత్రుళ్లు మేలుకునేది దానికోసమే కదా!

ఫోను చేసి అడిగితే ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినాయన అన్న మాట ఇప్పటికీ చెవిలో మోగుతోంది. "అసలు అవతల ఎవరైనా ఉన్నారా సార్? మీరొక్కరే మాట్లాడుకుని ఉంటారు." అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నెలల తరబడి చదివి పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న పిల్లను పట్టుకుని, లేనే లేదన్నాడు. డబ్బు పోయినందుకు నాకు ఇంత బాధ లేదు.

లాగు సంగతీ అంతే. కంప్యూటర్‌లోని మన సమయాన్ని మార్చకుండానే యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం, గడిలో రాసేస్తోంది. తెల్లవారుజామున 5.10 అంటే యూటీసీలో ముందురోజు 23.40. ఇందులో తేదీ తప్పు, సమయమూ తప్పు. కాంటాక్టులను ఇద్దరి లాగులతో సరిపోల్చి ధ్రువపరిచే లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఇద్దరి సమయాలకూ అరగంటకు మించి తేడా ఉంటే కాంటాక్టు ధ్రువపడదు. ఇప్పటిదాకా ఎక్కించిన 212 కాంటాక్టులనూ కాగితం లాగు ముందుపెట్టుకుని చేత్తో దిద్దుతున్నాను. కాగితం లాగు మానకపోవడం ఒక్కటే నేను చేసిన మంచి పని.

ఆదివారం పిల్ల వస్తోంది. రికార్డింగు వినిపించమంటుంది. ఇంకా చెప్పలేదు.

ఇప్పటికే కొన్నవాళ్లు అప్‌డేట్ వేయకండి. వేసి ఉంటే సెట్టింగుల్లో ఆ కత్తిరింపును ఆపేయండి, పక్కన ఆడాసిటీ లాంటి ఉచిత రికార్డరు ఒకటి నడిపించండి. లాగును ఏడిఐఎఫ్ (ఏ లాగింగ్ సాఫ్ట్‌వేరైనా చదవగల పద్ధతి) ఫైలుగా వేరే చోట దాచుకోండి, యూటీసీ గడి ఒకసారి చూసుకోండి. ఇంకా కొననివాళ్లు 33 సిగ్నలు మీద పరీక్షించనిదే ఎవరికీ డబ్బు కట్టకండి.