వంతపాట పుట్టిన వీధుల్లో: హార్లెమ్, బ్రాంక్స్, న్యూ హేవెన్, వైల్డ్‌వుడ్

మా ఆవిడ తమ్ముడు తెనాలి నుంచి నెల రోజులకి న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇంటికి వచ్చాడు. నయాగరా వద్దన్నాడు, లాస్ వేగాస్ వద్దన్నాడు. "బావా, నీ కార్లో ఎప్పుడూ మోగుతుంటాయే ఆ పాటలు, అవి పుట్టిన చోటు చూపించు" అన్నాడు. వాడిది ఎరువుల కొట్టు. శనివారాలు రామాలయంలో భజనకి వంత పాడతాడు. బుర్రకథకి వెళ్తే కథకుణ్ణి వదిలేసి పక్కన తందాన అనేవాళ్ళ మీదే చెవి పెట్టే రకం. అలాంటివాడికి నా కార్లో మోగే డూ వాప్ ఎక్కకపోతేనే వింత.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. డూ వాప్‌లో ఒకడు ముందు పాడతాడు. మిగతా ముగ్గురో నలుగురో వాద్యాల పని నోటితో చేస్తారు. ఒకడు గొంతు పాతాళానికి దించి తాళం వేస్తాడు, ఒకడు పైన సన్నగా తేలతాడు, మధ్యవాళ్ళు అర్థంలేని అక్షరాలు పట్టుకుని పాటని నడుపుతారు. 1950ల్లో న్యూయార్క్, ఫిలడెల్ఫియా, చికాగో, లాస్ ఏంజెలెస్ పేటల్లో వాద్యాలు కొనలేని కుర్రాళ్ళు, ఎక్కువమంది నల్లజాతివాళ్ళు, మెట్ల కింద, స్కూలు బాత్‌రూముల్లో, సబ్‌వే స్టేషన్లలో నిలబడి పాడుకున్న పాట ఇది. పలకలు పరిచిన గోడలు నాలుగు గొంతుల్ని పది గొంతులు చేసేవి. వాళ్ళెవరూ దీన్ని డూ వాప్ అనలేదు. ఆ పేరు 1961లో గానీ అచ్చులోకి రాలేదు, అప్పటికి ఆ పాట జోరు తగ్గుతోంది.

గుళ్ళో మైకు పెట్టేముందు చప్పట్లు కొట్టి చూస్తారు కదా, వెళ్ళిన ప్రతిచోటా అలాగే ఒకసారి కొట్టి చూస్తానని మావాడు బయల్దేరేటప్పుడే చెప్పాడు. నాలుగు చోట్లకీ మార్కులు దాన్నిబట్టే వెయ్యాలనుకున్నాం.

మొదటి రోజు గురువారం, న్యూయార్క్‌లోని హార్లెమ్. ఎడిసన్ నుంచి రైల్లో పెన్ స్టేషన్, అక్కణ్ణుంచి ఎ రైలు. మధ్యలో రెండే స్టేషన్లు ఆగి నేరుగా 125వ వీధికి తెస్తుంది. కారు తీసుకెళ్ళకండి, పార్కింగ్‌కి పెట్టే డబ్బుతో ముగ్గురు భోంచెయ్యొచ్చు. అపోలో థియేటర్ ఆ వీధిలోనే ఉంది. 1934 నుంచి బుధవారం రాత్రుళ్ళు కొత్తవాళ్ళ పోటీ అక్కడ పెద్ద పేరు. జనానికి నచ్చకపోతే గోల చేస్తారు, చీపురు పట్టుకుని ఒకతను వచ్చి పాడేవాణ్ణి స్టేజి మీంచి ఊడ్చేస్తాడు. పాడబోయేవాళ్ళు ముందుగా ఒక చెట్టు మొద్దుని తడిమి వెళ్తారు. ఒకప్పుడు ఆ వీధుల్లో పని వెతుక్కునే కళాకారులు నీడన నిలబడిన చెట్టు అది. మేం బుధవారం వెళ్ళలేదు, అది నా పొరపాటు. బయట పేవ్‌మెంట్‌లో పొదిగిన పేర్లు చదువుకుని, బోర్డు కింద ఫోటో దిగి వచ్చాం. మీరు వెళ్ళేటట్టయితే తెరిచి ఉందో లేదో చూసుకుని, బుధవారం టికెట్ ముందే కొనుక్కుని వెళ్ళండి. బయటి నుంచి చూసేది పావుగంట పని.

అదే వీధిలో బాబీ రాబిన్‌సన్ అనే ఆయన 1946లో రికార్డుల కొట్టు పెట్టి, ఆ పేటల కుర్రాళ్ళ చేత పాడించి తనే రికార్డులు వేశాడు. ఆ కొట్టు 2008లో మూతపడింది. అది ఎక్కడుండేదో మావాడికి చూపించాలని నాకు ఆశ. చూపించడానికి ఏమీ మిగల్లేదు.

డూ వాప్ బాలగాయకుడు ఫ్రాంకీ లైమన్ చదివిన స్కూలు ఇంకా పైన, 160ల వీధుల్లో ఉంది. బయటి నుంచే చూశాం, స్కూల్లోకి ఎవర్నీ రానివ్వరు, రానివ్వకూడదు కూడా. 1956లో 'వై డూ ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్' వచ్చేటప్పటికి ఫ్రాంకీకి పదమూడేళ్ళు. టీనేజర్స్ అనే ఆ గుంపులో నల్లజాతి పిల్లలు ముగ్గురు, పోర్టోరికో పిల్లలు ఇద్దరు. ఆ పాట మీద వచ్చే డబ్బు ఎవరిదన్న తగాదా నలభై ఏళ్ళు నడిచింది. 1992లో కోర్టు ఆ గుంపులోనే ఉన్న ఇద్దరు సహగాయకులు రాశారని తీర్పిచ్చింది, 1996లో పైకోర్టు దావా ఆలస్యంగా వేశారని దాన్ని కొట్టేసింది. ఫ్రాంకీ ఇరవై అయిదేళ్ళకే హెరాయిన్ ఎక్కువై పోయాడు. ఇదంతా చెబుతుంటే మావాడు "వంత పాడినోడికి ఎక్కడా డబ్బులు రావు బావా" అన్నాడు. భజన బృందం లెక్కలు గుర్తొచ్చినట్టున్నాయి.

బ్రాంక్స్‌కి 125వ వీధి నుంచి డి రైలెక్కాం. అక్కడే ఈ యాత్ర మొత్తానికి అసలైన డూ వాప్ దొరికింది. అరవై దాటిన ముగ్గురు మాతోపాటే ఎక్కారు. తలుపులు మూసుకోగానే, మైకూ లేదు, గిటారూ లేదు, ఎత్తుకున్నారు. కింది గొంతాయన నోరు పెద్దగా తెరవనే లేదు, అయినా సీటు కింద అదురు తెలిసింది. మావాడి వేళ్ళు మోకాలి మీద తాళం పట్టేశాయి. 155వ వీధి వచ్చేలోపు పాట అయిపోయింది, టోపీ తిరిగింది. అయిదు డాలర్లు వేశాం. చప్పట్ల పరీక్ష అక్కర్లేకపోయింది. రైలు చప్పుడులో కూడా వినిపించిన గొంతుకి ఇంక మార్కులేమిటి?

ఫోర్‌డమ్ రోడ్ స్టేషన్లో దిగి ఇరవై నిమిషాలు నడిస్తే బెల్మాంట్ పేట. డియాన్ అండ్ ది బెల్మాంట్స్ అనే ఇటాలియన్ కుర్రాళ్ళ గుంపుకి పేరు ఈ పేటలోని వీధి నుంచే వచ్చింది. 1958 నాటి 'ఐ వండర్ వై' మొదలు వినండి. కింది గొంతు ఒక్కటే ముందు దూకుతుంది, దాని మీద ఒకదానిమీదొకటి గొంతులు పేర్చినట్టు ఉంటుంది. జతులు చెప్పేవాళ్ళకి అది ఎందుకు బాగుందో వేరే చెప్పక్కర్లేదు. బ్రాంక్స్ ఆడపిల్లల గుంపు చాంటెల్స్‌దీ దగ్గర కథే. క్యాథలిక్ స్కూల్లో లాటిన్ కీర్తనలు పాడుతూ గొంతులు కలపడం నేర్చుకున్న పిల్లలు. వాళ్ళ 'మేబీ'లో ఆర్లీన్ స్మిత్ గొంతు వినిపిస్తుంటే నేను కారు నెమ్మది చేస్తాను, ఇప్పటికీ.

బెల్మాంట్‌లో పాట కోసం చూడాల్సిందేమీ లేదు. ఇళ్ళు, కొట్లు, చర్చి. కానీ ఆర్థర్ అవెన్యూలో 1940 నాటి కప్పున్న మార్కెట్ ఉంది. లోపల చప్పట్లు కొడితే బాగా పలికింది, జున్ను కోస్తున్నాయన తలెత్తి చూశాడు. తిండికి ఈ వీధి హార్లెమ్ కంటే మాకు బాగా కుదిరింది. బ్రెడ్డు, టమాటా, జున్ను ఉన్నచోట శాకాహారికి దిగుల్లేదు.

రెండో ప్రయాణం శనివారం, న్యూ హేవెన్. ఇక్కడ నేను కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను అసలు వెళ్ళాలనుకున్నది ఇక్కడికే. కార్లో వెళ్ళాం. రెండుంపావు గంటల దూరం, కనెటికట్ తీరంవెంట ట్రాఫిక్‌లో నాలుగు గంటలయింది. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నుంచి రైలుంది, రెండు గంటలు. మళ్ళీ వెళ్తే రైల్లోనే.

మోరిస్ కోవ్ అనే సముద్రపు ఒడ్డు పేటలో సెయింట్ బెర్నడెట్ చర్చి ఉంది. 1956 ఫిబ్రవరిలో దాని నేలమాళిగలో ఫైవ్ సాటిన్స్ 'ఇన్ ది స్టిల్ ఆఫ్ ది నైట్' రికార్డు చేశారు. పేరులో అయిదుగురు గానీ ఆ రోజు పాడింది నలుగురే. పాట రాసిన ఫ్రెడ్ పారిస్ సైన్యంలో ఉండగా ఫిలడెల్ఫియాలో రాత్రి కాపలా కాస్తూ కట్టుకున్న పాట అది. చర్చి ఇప్పించింది విన్నీ మజెట్టా, పాట మధ్యలో శాక్సోఫోన్ వాయించిందీ అతనే. రికార్డుకి వెనకవైపు వేసిన పాట ఇది, ముందువైపు పాట ఎవరికీ గుర్తులేదు. దేశం మొత్తమ్మీద అమ్మకాల పట్టికలో 24 దాటి పైకి వెళ్ళలేదు. అయినా పాత పాటల ఓట్లు పెట్టినప్పుడల్లా అమెరికా రేడియోల్లో మొదటి వరసలో నిలిచింది. రికార్డు దుమ్ము రేపుతున్నప్పుడు పారిస్ జపాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2022లో పోయాడు.

చర్చి తాళం వేసి ఉంది. ముందు ఫోన్ చేసి అడగకపోవడం నా తెలివితక్కువతనం. మావాడు బయట గోడ దగ్గర చప్పట్లు కొట్టాడు, సముద్రం గాలికి ఎటో పోయింది. సరేనని కారు నీడలో పెట్టి, అద్దాలు ఎక్కించి, పాట పెట్టాం. మామూలుగా నేను పదాలు వింటాను. ఆ రోజు వాడు "పదాలొదిలెయ్ బావా, గది విను" అన్నాడు. నిజమే. వెనక గొంతులు ఎక్కడో మూల నుంచి, పియానో ఇంకో మూల నుంచి, అన్నీ తడిగోడలకి తగిలి వచ్చినట్టు. స్టూడియోలో అయితే ఆ పాట శుభ్రంగా ఉండేది, ఇన్నేళ్ళు బతికేది కాదనిపించింది. మూడుసార్లు విన్నాం. లోపలికి వెళ్ళకుండానే నేలమాళిగకి పదికి తొమ్మిది వేశాడు.

తర్వాత వూస్టర్ స్ట్రీట్‌లో పిజ్జా. 1925 నాటి ఫ్రాంక్ పెపె కొట్టు ముందు గంట క్యూ. ఇక్కడ గుల్లల పిజ్జా ప్రసిద్ధి, కానీ శనివారం కాబట్టి మావాడు ముట్టడు. మామూలు పిజ్జా అడిగితే టమాటా రసమే తప్ప జున్ను ఉండదు, జున్ను కావాలంటే విడిగా చెప్పాలి. అంచులు నల్లగా మాడి ఉంటాయి, అది పద్ధతే, వెనక్కి పంపకండి.

చివరిది వైల్డ్‌వుడ్, న్యూజెర్సీ కొసన. ఇంటిల్లిపాదీ వెళ్ళాం. డూ వాప్ పేరు బోర్డుల మీద కనబడే ఊరు ఇదొక్కటే, కానీ ఇక్కడ ఆ పేరు పాటకి కాదు, మోటళ్ళకి. 1950ల్లో, 60ల్లో కార్లలో వచ్చే సెలవు జనం కోసం కట్టిన రెండంతస్తుల మోటళ్ళు, వంకర కప్పులు, నియాన్ బోర్డులు, ప్లాస్టిక్ కొబ్బరి చెట్లు. 1957 నాటి కరీబియన్ మోటల్ చూస్తే ఎవరో పిల్లాడు క్రేయాన్లతో గీసినట్టుంటుంది. 2000 తర్వాత ఇలాంటివి చాలా కూల్చేసి అపార్టుమెంట్లు కట్టారు. కూల్చిన వాటి బోర్డులు కొన్నిటిని తెచ్చి డూ వాప్ ఎక్స్‌పీరియన్స్ అనే చిన్న మ్యూజియం తోటలో నిలబెట్టారు. చీకటిపడ్డాక వెళ్ళండి, పగలు దాని అందం తెలీదు. మా పిల్లలు చక్ర, వసంత దాన్ని తిరునాళ్ళలో సర్కస్ గేటు చూసినట్టు చూశారు.

పాట కోసం వచ్చేవాళ్ళకి మాత్రం నిరాశే. అక్టోబరులో పాత పాటల వారాంతం పెడతారు, వస్తే అప్పుడు రండి. పిల్లలతో అయితే వేసవే మేలు. చుట్టుపక్కల ఊళ్ళలో బీచికి టికెట్ ఉంటుంది, ఇక్కడ ఉచితం. ఇసుక ఎంత వెడల్పంటే నీళ్ళు చేరేసరికి పాదాలు కాలతాయి, చెప్పులు మరవకండి.

మేం దిగిన మోటల్ పేరు చెప్పను. వారాంతం మూడు రాత్రులకి తక్కువైతే గది ఇవ్వం అన్నారు. గదిలో కార్పెట్ తడి, ఏసీ శబ్దానికి పిల్లలు రెండుసార్లు లేచారు, గది మార్చమంటే నిండిపోయాయన్నారు. ఈతకొలను మాత్రం శుభ్రం. గదులు పైన, కార్లు కింద స్తంభాల మధ్య. రెండో రాత్రి సామాను తీయడానికి దిగినప్పుడు మావాడు అలవాటుగా చప్పట్లు కొట్టాడు. కాంక్రీటు కప్పు తిరిగి కొట్టింది. ఇంకోసారి కొట్టాడు. పిల్లల్ని కిందికి పిలిచాడు. వాళ్ళ చేత ఒక్క అక్షరం పట్టించి, తను కింది గొంతులో తగులుకున్నాడు, నేను పై గొంతుకి ప్రయత్నించాను, మా ఆవిడ మెట్లమీద కూచుని నవ్వుతోంది. అరగంట అయ్యాక మేనేజరు వచ్చి, పది దాటింది, పైవాళ్ళు నిద్రపోతున్నారన్నాడు. క్షమించమన్నాను.

"పొద్దున ఎన్నింటి నుంచి పాడుకోవచ్చో కనుక్కో బావా" అన్నాడు మావాడు.

అడిగాను. ఎనిమిది నుంచన్నాడు.