మూడేళ్ల తర్వాత మా కారు షెడ్డు చార్జరు: డబ్బా చిన్నది, తీగ కథ పెద్దది

మా ఇల్లు హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక పల్లెలో, ఉద్యోగం విజయవాడలో. రానూపోనూ రోజుకు 80 కిలోమీటర్లు. 2023 సంక్రాంతికి ముందు 40.5 యూనిట్ల బ్యాటరీ ఉన్న నెక్సాన్ ఈవీ కొన్నాం. కారు పెట్టే షెడ్డు ఇంటికి ఆనుకుని లేదు. అది ఒకప్పటి పశువుల పాక. తాటాకు తీసేసి రేకులు వేయించాం. మీటరు వీధి గేటు పక్కన ఉంటే షెడ్డు పెరటి చివర, నడుమ ఆరు కొబ్బరిచెట్లు. కారు వెనక సందులోంచి లోపలికి వస్తుంది. మీటరు నుంచి షెడ్డుకు తీగ నడిచే దారి 35 మీటర్లు. కారు కొనేటప్పుడు ఈ 35 మీటర్ల సంగతి ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

కారుతోపాటు 7.2 కిలోవాట్ల చార్జరు వచ్చింది. బిగించడం ఉచితమే కానీ తీగ 15 మీటర్ల వరకే ఇస్తారట. బిగించడానికి వచ్చిన కుర్రవాడు గేటు దగ్గర నిలబడి షెడ్డు వైపు ఒకసారి చూసి, "షెడ్డు దాకా లైను లాగించి పెట్టండి సార్, అప్పుడు వస్తాను" అని వెళ్లిపోయాడు. మేమూ బద్ధకించాం. షెడ్డులో గడ్డి కోసే యంత్రం కోసం ఎప్పుడో పెట్టించిన 15 ఆంపియర్ల సాకెట్టుంది. కారుతో వచ్చిన చిన్న కేబుల్ దానికే తగిలించి అయిదు నెలలు నెట్టుకొచ్చాం. మే నెలలో ఒకరాత్రి ప్లగ్గు పీకబోతే చెయ్యి చురుక్కుమంది. టార్చి వేసి చూస్తే సాకెట్టు కింది రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ, కాలిన బేకలైటు వాసన. గడ్డి యంత్రం పది నిమిషాలు తిరిగి ఆగుతుంది. కారు ఏకబిగిన నాలుగైదు గంటలు కరెంటు లాగుతుంది. పాత 2.5 ఎంఎం వైరు అంత భారం మోయలేకపోయింది.

అప్పుడు మొదలైంది అసలు పని. మా ఎలక్ట్రీషియన్ "4 ఎంఎం చాలండీ" అన్నాడు. కాగితం తీసుకుని లెక్క వేశాం. 32 ఆంపియర్లు, పోను 35, రాను 35 మీటర్లు. 4 ఎంఎం రాగి తీగలో దారిలోనే పది వోల్టులు పోతాయి, మూడు వందల వాట్ల పైచిలుకు మట్టిని వేడి చేయడానికే ఖర్చవుతుంది. అదే 10 ఎంఎం అయితే పోయేది నాలుగు వోల్టులే. పట్టణంలో ఈ తేడా పెద్దగా తెలియకపోవచ్చు. మా ఊళ్లో సాయంత్రం ఏడింటికి 200 వోల్టులు రావడమే గగనం కాబట్టి ఆ ఆరు వోల్టులూ మాకు ముఖ్యమే. 10 ఎంఎం మూడు కోర్ల ఆర్మర్డ్ (పైన ఇనుప కవచం ఉన్న) రాగి కేబుల్ వేయించాం. కేబుల్‌కు 24 వేలు, కందకానికి 4 వేలు, ఎర్తింగుకు 7 వేలు, షెడ్డులో బ్రేకర్ల పెట్టెకు 9 వేలు అయ్యాయి. ‘ఉచిత’ చార్జరుకు మొత్తం 44 వేలు పెట్టామన్నమాట.

పెట్టె గురించి ఒక మాట. కరెంటు లీకైతే దానంతటదే పడిపోయి సరఫరా ఆపేసే బ్రేకరు, ఆర్‌సీసీబీ, అడిగితే దుకాణంలో ముందుగా ‘ఏసీ’ రకం చేతిలో పెట్టారు. మనది ఏసీ చార్జరే కదా అనుకుని తెచ్చేసుకుంటాం. ఆ రకం ఇళ్లలోని మామూలు లీకేజీని పట్టుకుంటుంది కానీ, కారు లోపలి ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చే లీకేజీని పట్టుకుంటుందన్న నమ్మకం లేదు. కావలసింది ‘ఏ’ రకం, 30 మిల్లీ ఆంపియర్లది. మా దగ్గర్లో దొరకలేదు, విజయవాడ నుంచి తెప్పించాం.

కందకం రెండున్నర అడుగుల లోతు తవ్వించి, ఇసుక పోసి, కేబుల్ మీద ఇటుకలు పరిపించాను. ఇటుకలు ఎందుకు దండగ అని ఇంట్లో అందరూ అన్నారు. రెండో ఏడు కొబ్బరి పాదులు చేయడానికి వచ్చిన కూలీ గునపం వేస్తే ఖంగుమంది. పరుగున వెళ్లి చూశాను. ఇటుక రెండు ముక్కలైంది, కింద కేబుల్‌కు గీత కూడా లేదు. పందికొక్కులు కూడా ఆ కందకం వెంబడి బొరియలు చేశాయి. ఆర్మర్డ్ కేబుల్ కాకపోతే ఈపాటికి కొరికి పారేసేవి.

నన్ను అన్నిటికన్నా ఏడిపించింది ఎర్తు. ఈ చార్జరు కరెంటు వదిలేముందు ఎర్తు సరిగా ఉందో లేదో చూసుకుంటుంది. నచ్చకపోతే ఎర్రదీపం వెలిగించి కూర్చుంటుంది. షెడ్డు పక్కనే గుంత తీసి, ఇనుప పైపు దించి, ఉప్పూ బొగ్గూ వేసి కప్పాం. ఏడాది బాగానే నడిచింది. 2024 ఏప్రిల్లో నేల నెర్రెలు విచ్చింది, చార్జరు మొరాయించింది. ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తే న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య 20 వోల్టులు ఉన్నాయి. చార్జరు పోయిందేమో, ఎంత ఖర్చవుతుందో అని నేను హడలిపోతుంటే, అతను "రెండు బిందెలు నీళ్లు పోయించండి" అన్నాడు. పోశాం. పావుగంటకు పచ్చదీపం వెలిగింది. ఆ వేసవంతా మా అమ్మ తులసికోటతోపాటు ఎర్తు గుంతకూ పొద్దున్నే నీళ్లు పోసింది.

ఇక చార్జరు సంగతి. మూడేళ్లలో అది ఒక్కసారీ చెడిపోలేదు. రాత్రి పదకొండు దాటాక వోల్టేజీ 225 దాకా లేస్తుంది, అప్పుడు చార్జింగ్ హాయిగా ఎక్కుతుంది. సాయంత్రం ఇంటికి రాగానే పెడితే తక్కువ వోల్టేజీ అంటూ ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను జల్లు రేకుల సందుల్లోంచి కొట్టి, కారుకు తగిలించే చార్జింగ్ గన్ను మూతి తడిసింది, ఆర్‌సీసీబీ పడిపోయింది. దాని పని అది చేసింది. గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మర్నాడు పెట్టుకున్నాం. అప్పటి నుంచి గన్నుకు ప్లాస్టిక్ డబ్బా తొడుగుతున్నాను. ఫోనులో యాప్ ఉంది కానీ ఇంటి వైఫై పెరటి చివరికి అందదు. మొదటి వారమే దాన్ని మరచిపోయి కారులోని టైమరే వాడుతున్నాను.

మేం ఊహించని చిక్కు ఫేజులది. లోడు 3 నుంచి 10 కిలోవాట్లకు పెంచుకుని మూడు ఫేజుల మీటరు పెట్టించుకున్నాం. చార్జరు మాత్రం ఒక్క ఫేజు మీదే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఆ ఫ్యూజు ఎగిరితే ఇంట్లో టీవీ, ఫ్రిజ్ మామూలుగా నడుస్తుంటాయి, కారుకు చార్జింగ్ ఆగిపోయిందని పొద్దున్న తాళం తీస్తే గానీ తెలియదు. రెండుసార్లు అలా బస్సులో వెళ్లాక మీటరు పెట్టెలో ఫేజు మార్చుకునే తిప్పుడు స్విచ్చి పెట్టించాం. దాని ధర వెయ్యి లోపే. మొదటిరోజే పెట్టించాల్సింది.

బిల్లు విషయం దాచడానికేం లేదు. ఇంటికి 180 యూనిట్లు, కారుకు నెలకు 320. మన దగ్గర గృహ వినియోగం 225 దాటితే యూనిట్ 8.75, 400 దాటితే 9.75 రూపాయలు. కారు తాగేదాంట్లో ఎక్కువ భాగం ఈ పై మెట్ల మీదే పడుతుంది. నెలకు దాదాపు 2,780 అదనం, పెంచిన లోడుకు స్థిర చార్జీ 70, ఆ పైన సర్దుబాటు చార్జీలు. సర్దుబాటు పక్కన పెడితే కిలోమీటరుకు రూపాయిన్నర లోపు. పాత పెట్రోలు కారుకు ఏడు రూపాయలు దాటేది.

ఇంతా చేసి 7.2 కిలోవాట్లు నాకు అవసరమా అంటే, మామూలు రోజుల్లో కాదు. రోజూ కావలసింది 13 యూనిట్లు. మంచి తీగ, మంచి సాకెట్టు ఉంటే 15 ఆంపియర్ల ప్లగ్గే నాలుగైదు గంటల్లో ఎక్కిస్తుంది. హైదరాబాదు వెళ్లే ముందురోజు రాత్రి కరెంటు మూడు గంటలు పోయినప్పుడు మాత్రం ఈ పెద్ద చార్జరే ఆదుకుంది. కాబట్టి మీకూ షెడ్డు దూరంగా ఉంటే చార్జరు చిన్నదైనా పరవాలేదు, కేబుల్ మాత్రం పెద్దదే వేయించండి. చార్జరు రేపు మార్చుకోవచ్చు, కందకం మళ్లీ ఎవరు తవ్వుతారు?

ఎండలు ముదిరేలోగా రెండో ఎర్తు గుంత తవ్వించాలి. ఉప్పు బస్తా తెచ్చి షెడ్డులో పెట్టాను, నెల నుంచి అక్కడే ఉంది. నీళ్లు పోసే అమ్మ రోజూ దాన్ని చూసి నన్ను చూస్తోంది.