చుక్కల చిత్రమా, బాక్స్ ప్లాటా: ఏది మేలు?

రెండు డేటాలను పోల్చమన్నప్పుడు పిల్లల చేత ఏ బొమ్మ వేయించాలి? ట్యూషన్ చెప్పేవాళ్లూ, ఇంట్లో కూర్చోబెట్టి లెక్కలు చేయించే తల్లిదండ్రులూ ఈ మధ్య ఇదే అడుగుతున్నారు. ఏడో తరగతికి నేను చుక్కలతోనే మొదలుపెడతాను. ఎందుకో చెప్పాలంటే కొబ్బరి దింపు దగ్గరికి వెళ్లాలి.

మాది అమలాపురం పక్క పల్లె. మొన్నటి దింపులో చెట్టుకెన్ని కాయలు దిగాయో పిల్లలే లెక్కపెట్టి రాసుకొచ్చారు. కాలవ గట్టు మీది 11 చెట్లకు 4, 9, 12, 13, 14, 14, 15, 16, 17, 20, 31. తోటలోని 11 చెట్లకు 12, 13, 14, 14, 15, 15, 15, 16, 16, 17, 18. కూడితే రెండు చోట్లా 165 కాయలే, సగటు 15. సగటులతో కమ్మీ చిత్రం గీసిన అమ్మాయికి రెండు కమ్మీలూ సమానంగా వచ్చాయి. "రెండూ ఒకటేనండి మాస్టారూ" అని కూర్చుంది.

అవే సంఖ్యలను గీత మీద చెట్టుకొక చుక్క చొప్పున పెట్టించాను. మొదటిసారి తప్పు నాదే. ఏ చార్టుకు ఆ చార్టు నిండేలా వేర్వేరు స్కేళ్లు ఇచ్చాను, రెండూ ఒకేలా పరుచుకున్నట్టు కనిపించాయి. స్కేలు ఒకటే పెట్టి, పైనొకటి కిందొకటి గీయించాక అసలు సంగతి బయటపడింది. తోట చుక్కలు 12కీ 18కీ మధ్య గుమిగూడాయి. గట్టు చుక్కలు 4 నుంచి 31 దాకా చెదిరిపోయాయి. వ్యాప్తి, అంటే పెద్ద సంఖ్యకూ చిన్న సంఖ్యకూ తేడా, తోటలో 6, గట్టు మీద 27.

ఇంతవరకూ బాక్స్ ప్లాట్ కూడా చెబుతుంది. మధ్య సగం విలువలకు ఒక పెట్టె గీసి, దాని నుంచి రెండు చివరల దాకా మీసాల్లా గీతలు లాగే బొమ్మ అది. ఆ తర్వాత వెనక బెంచీ కుర్రాడొకడు లేచొచ్చి, 4 మీది చుక్కపై వేలు పెట్టి "ఇది రేవు కాడ చెట్టండి, కొమ్ము పురుగు పట్టేసింది" అన్నాడు. కత్తెరేసి కోసినట్టుండే ఆ మట్టలు క్లాసులో సగం మంది చూసినవే. 31 పశువుల పాక పక్కదట. 9 ఎవరిది, 20 ఎవరిది అని ఇక వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. చుక్క పెట్టాక కూడా చెట్టు చెట్టుగానే ఉంది. బాక్స్ ప్లాట్‌లో రెండు చివరలూ, మధ్యగతమూ (వరసలో సరిగ్గా నడిమి విలువ), చతుర్థాంశాలూ (పెట్టె రెండు అంచులు) మిగులుతాయి, 9, 20 లాంటివి కనబడకుండా పోతాయి. నా మటుకు తేల్చేది ఇదే.

అలాగని బాక్స్ ప్లాట్‌ను తీసిపారేయలేం. చేత్తో గబగబా గీసుకోవడానికి వీలుగా జాన్ టూకీ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన బొమ్మ అది. చెట్లు 200 ఉంటే చుక్కలు పెట్టేసరికి పీరియడ్ అయిపోతుంది. ఒక సెక్షన్లో 38 మంది, ఇంకోదాంట్లో 61 మంది ఉంటే చుక్కల గుట్టల ఎత్తు చూసి పిల్లలు మోసపోతారు. అలాంటప్పుడు పెట్టెలే నయం. మన గట్టుకు పెట్టె 12 నుంచి 17, తోటకు 14 నుంచి 16. మధ్య సగం చెట్లు ఎక్కడున్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది.

చిక్కల్లా పొడుగు దగ్గర. గట్టు పెట్టెకు కుడి మీసం 17 నుంచి 31 దాకా సాగుతుంది. పొడుగ్గా ఉంది కాబట్టి అక్కడే చెట్లెక్కువ అని పిల్లలు అనేస్తారు. నిజానికి 17 దాటినవి రెండే చెట్లు! పొడుగుంటే పలచగా ఉన్నట్టని వాళ్లకు ఎక్కాలంటే, అదే స్కేలు మీద కింద చుక్కలు పెట్టి చూపించాల్సిందే. ఇంకో లోపం, రెండు గుంపులున్నా పెట్టె దాచేస్తుంది. చెరువులో చిన్న సైజు, పెద్ద సైజు రొయ్యలు కలిసిపోయి, నడిమి సైజు లేకపోయినా, నడిమంతా నిండుగా ఉన్నట్టే కనిపిస్తుంది.

సోపాన చిత్రం (హిస్టోగ్రామ్) ఎత్తులు, బరువుల లాంటి వాటికి బాగానే ఉంటుంది, కాకపోతే తరగతి అంతరం, అంటే ఒక్కో కమ్మీలోకి వచ్చే విలువల వెడల్పు, మారిస్తే రూపమే మారిపోతుంది. జంట కమ్మీలు ఏ ఊళ్లో ఏ పంట ఎంత అన్నట్టు విభాగాలను పోల్చడానికి. వృత్తరేఖా చిత్రం (పై చార్ట్) ఈ పనికి నేనసలు గీయించను.